రథసప్తమికీ శివరాత్రికీ మధ్య పెరటి సాగు

ఈ వారం ఉత్తరం వరంగల్‌కు దగ్గరలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చింది. రాసినవారు 34 ఏళ్ల గృహిణి. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఏడు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాను.

ఆమె ఇంటి వెనక దాదాపు 60 గజాల పెరడు ఉంది. మామయ్య బతికున్నన్నాళ్లూ అందులో కూరగాయలకు కొదవ ఉండేది కాదట. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత ఇంటికి ఒక గది కలిపి కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు పెరట్లోనే పోశారు. రెండేళ్ల కిందట ఉగాది మంచి రోజని ఈమె టమాట, వంగ నారు నాటి, బెండ, బీర, సొర, పాలకూర, కొత్తిమీర విత్తి, రెండు మామిడి అంట్లు, ఒక సపోటా కూడా పెట్టారు. పశువుల కొట్టం నుంచి పచ్చి పేడ తెప్పించి పాదుల నిండా వేశారు. మే నెల వచ్చేసరికి బీర, సొర పిందెలు పసుపు తిరిగి రాలిపోయాయి, మిగిలినవన్నీ ఎండిపోయాయి. నిరుడు మళ్లీ ఉగాదికే విత్తి, పాత చీరలు కట్టి నీడ చేసి, కష్టపడి కాపాడుకొస్తే ఒక మధ్యాహ్నం కోతుల గుంపు వచ్చి పాదులన్నీ పీకి పారేసింది.

అప్పటి నుంచి అత్తమ్మ, బంధువుల ముందు కూడా, “నీ చేతివాసి మంచిగ లేదు, మీ మామ చేత్తో పెడితే ఎండుపుల్ల సుత చిగురించేది” అంటున్నారు. భర్త కొట్టినట్టు మాట్లాడే మనిషి కాదు కానీ, ఈసారీ ఇలాగే అయితే ఉగాది దాటాక మేస్త్రీని పిలిచి తాండూరు బండలు పరిపించి కారు పెట్టుకుంటానని తేల్చేశారు. పెరటికి తూర్పున మామయ్య పెట్టిన జామచెట్టు మధ్యాహ్నం దాకా నీడ వేస్తుందని, దాన్ని కొట్టిద్దామని ఈమె ఒకసారి నోరు జారితే అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. బోరు ఏప్రిల్‌లో సన్నగిల్లుతుంది. ఇంటిపైన ఉన్నది 500 లీటర్ల ట్యాంకు. “ఈసారి పెట్టనా, బండలు వేసుకోమని ఊరుకోనా? చెట్టు కొట్టేయమని పట్టుబట్టడం తప్పా? నా చెయ్యే అలాంటిదేమో అని నాకే అనిపిస్తోంది” అని ముగించారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగో పేజీ అంచున ఒక వాక్యం ఉంది. “కుళాయి పక్కన వానాకాలంలో గుచ్చిన కరివేపాకు మాత్రం ఎందుకో బతికింది” అని రాసి, ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. చెయ్యి అదే, నేల అదే, ఆ ఇంటి నీళ్లే. మారింది పెట్టిన నెల ఒక్కటే. కాబట్టి చేతివాసి సంగతి అక్కడ పెట్టి, ముందు క్యాలెండరు తీద్దాం.

ఉగాదికి, అంటే మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో విత్తిన బెండ, బీర పూతకు రావడానికి 40 నుంచి 45 రోజులు పడుతుంది. లెక్క వేస్తే పూత సరిగ్గా మే నడిమికి వస్తుంది. అప్పటికి మీ వైపు ఎండ 42, 43 డిగ్రీలకు చేరుతుంది. టమాట పువ్వులో పుప్పొడి 35 డిగ్రీలు దాటితేనే సత్తువ కోల్పోతుంది, కాయ కట్టకుండానే పువ్వు రాలిపోతుంది. పాలకూర, కొత్తిమీర చలికాలపు పంటలు. వాటిని ఏప్రిల్‌లో విత్తడమంటే వాటి మీద కక్ష తీర్చుకోవడమే. నేనూ ఒక ఏప్రిల్‌లో కొత్తిమీర విత్తి, రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లి, చివరికి కట్ట కొనుక్కొచ్చుకున్నవాణ్ణే. ఉగాది మంచిరోజే, పచ్చడికీ పంచాంగ శ్రవణానికీ. మన నేలల్లో వేసవి కూరగాయల విత్తనానికి అప్పటికే ఆలస్యమవుతుంది.

మరి ఎప్పుడు? రథసప్తమికీ శివరాత్రికీ మధ్య దాదాపు 22 రోజులుంటాయి. ఒకటి మాఘ శుద్ధ సప్తమి, మరొకటి మాఘ బహుళ చతుర్దశి. అంతకు ముందు మీ ప్రాంతంలో రాత్రి చలికి నేల చల్లగా ఉండి బెండ విత్తు మొలవడానికి మొరాయిస్తుంది, తర్వాతైతే పూత ఎండలో చిక్కుకుంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అనేది ఊరికే కాదు. ఆ చలి పోయే వేళకు మొలక నాలుగాకులు వేసుకుని ఉంటే, ఎండ ముదిరేలోగా వేరు లోతుకు దిగుతుంది. మీ మామయ్యగారు ఏ నెలలో విత్తేవారో అత్తమ్మను ఒకసారి అడిగి చూడండి. ఆమెకు మాసం పేరు గుర్తు లేకపోయినా, ఏ పండుగ ముందో తప్పకుండా గుర్తుంటుంది.

మీ సొర, బీర పిందెలు రాలిన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది చూసే మీ మనసు బాగా విరిగినట్టుంది. ఈ పాదుల్లో మగ పువ్వులు ముందు వస్తాయి, వారం పది రోజుల తర్వాత ఆడ పువ్వులు వస్తాయి. సన్నని కాడ మీద ఊరికే నిలబడేది మగ పువ్వు, అడుగున వేలెడు పిందె మోసుకుంటూ వచ్చేది ఆడ పువ్వు. పుప్పొడి అందకపోతే ఆ పిందె రెండు మూడు రోజుల్లో కొస నుంచి పసుపు తిరిగి రాలిపోతుంది. ఎండ ముదిరితే ఆడ పువ్వులు తగ్గి మగ పువ్వులు పెరుగుతాయి, అది వేరే గొడవ. అసలు సంగతేమిటంటే, సొర తెల్లని పువ్వు, బీర పసుపు పువ్వు సాయంత్రం పొద్దుగూకే వేళకు విచ్చుకుంటాయి. పగటి తేనెటీగ అప్పటికి గూటికి చేరిపోతుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు పట్టణపు పెరళ్లలో తక్కువ. అందుకని దీపాలు పెట్టే వేళకు మీరే ఒక మగ పువ్వును తుంచి, రేకులు వెనక్కి వలిచి, నడుమ ఉన్న పసుపు పొడిని ఆడ పువ్వు నడిమి బుడిపెకు మెల్లగా రాయండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకు సరిపోతుంది. మర్నాటి సాయంత్రానికి రేకులు వాడతాయి, మూడో రోజుకు పిందె కాడ గట్టిపడి కాయ కిందికి వంగుతుంది. కాకర, దోస ఉదయం పూస్తాయి కనుక వాటికి ఈ సేవ అంతగా అక్కరలేదు.

మామిడి, సపోటా ఎండిపోవడానికి కారణం ఇంకా తేలిక. పండ్ల మొక్కను ఎండాకాలం గుమ్మంలో నాటకూడదు. వేసవిలో గుంత తవ్వి ఎండనివ్వాలి, మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. పైగా 60 గజాల్లో రెండు మామిడి చెట్లకు చోటు లేదు. తోటల్లో పాత పద్ధతిలో మామిడికీ మామిడికీ 10 మీటర్ల ఎడం వదులుతారు. అవి బతికి ఉంటే పదేళ్లకు మీరే గొడ్డలి వెతుక్కునేవారు.

ఇక ముందున్న దారులు చూద్దాం. దేనికి ఎంత ఖర్చో, ఎంత చాకిరో చెబుతాను. ఎంపిక మీది.

మొదటిది, మామయ్య రోజుల్లోలా పెరడంతా ఇప్పుడే విత్తడం. దీనికి అడ్డం నీళ్లు. నడివేసవిలో 100 చదరపు అడుగుల కూరగాయల మడి రోజుకు దాదాపు 60 లీటర్లు తాగుతుంది, అంటే నాలుగు పెద్ద బిందెలు. పెరట్లో 300 అడుగులు సాగు చేస్తే పన్నెండు బిందెలు. ఏప్రిల్‌లో బోరు సన్నగిల్లినప్పుడు 500 లీటర్ల ట్యాంకులోంచి ఇంటి వాడకం పోను 180 లీటర్లు తీయడం మీవల్ల కాదు. ఒకవేళ తీసినా, ఆ నెలలో ట్యాంకు ఖాళీ అయిన ప్రతి పూటా ఆ మాట మీ తోట మీదికే వస్తుంది. కోతుల వల కూడా అంత పెద్దదే కావాలి. ఇది నేను చేయను. మీకు నీటి సదుపాయం నేననుకున్నదానికంటే మెరుగ్గా ఉంటే మీరు ఆలోచించుకోవచ్చు.

రెండోది, 10 అడుగులకు 10 అడుగుల ఒక్క మడి. నా మొగ్గు దీనివైపే. రోజుకు నాలుగు బిందెలు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు ఇందులోకే పోతాయి కనుక బోరు మీద భారం ఇంకా తగ్గుతుంది. సబ్బు కలిసిన నీళ్లు మాత్రం కూరల మడికి వద్దు, జామచెట్టు మొదట్లోకి మళ్లించండి. గడ్డపారతో జానెడున్నర లోతు తవ్వి, ఇటుక, సిమెంటు ముక్కలు ఓపిగ్గా ఏరండి. ఈ పని ఒక్కరే చేయకండి, భర్త చేత ఒక ఆదివారం చేయించండి. తవ్విన మనిషికి బండలు పరిచే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఆకు పాలిపోయి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. మీరు “ఆకులు తెల్లబడ్డాయి” అని రాసింది ఇదే కావచ్చు. మీది ఎర్ర చల్క నేల కనుక నీరు ఇట్టే ఇంకిపోతుంది. అందుకని బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు బస్తాలు కలపండి. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి. రెండేళ్ల కిందట మీరు వేసిన పచ్చి పేడ లేత వేళ్లను మాడ్చి ఉంటుంది, చల్క నేలలో చెదలను కూడా పిలిచి ఉంటుంది.

ఆ మడిలో ఏం పెట్టాలన్నది మీ వారి గడువును బట్టే చెబుతాను. ఫిబ్రవరి నడిమికి విత్తిన తోటకూర నాలుగు వారాల్లో కోతకు వస్తుంది, అంటే ఉగాదికి ముందే ఇంట్లో పప్పులోకి ఆకు దొరుకుతుంది. బెండ 45, 50 రోజులకు మొదటి కాయ ఇస్తుంది. గింజలను రాత్రంతా నానబెట్టి విత్తండి, కాయలను రోజు విడిచి రోజు కోయకపోతే పీచు పట్టి చెట్టు కాపు ఆపేస్తుంది. వేసవి బెండకు తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులు పెద్ద శత్రువు. అర్క అనామిక లాంటి, దాన్ని కొంత తట్టుకునే రకం అడిగి తీసుకోండి. అయినా ఏ మొక్క ఆకు ఈనెలు పసుపు తిరిగితే దాన్ని జాలి పడకుండా పీకేయండి. గోరుచిక్కుడు రెండు సాళ్లు వేయండి. పూసా నవబహార్ రకం గింజ సులువుగానే దొరుకుతుంది, మన కూరగాయల్లో ఎండను అంతగా లెక్కచేయనిది అదే. గోడ వెంబడి నాలుగు కాకర పాదులు పెడితే చాలు. టమాట, వంగ, కొత్తిమీర ఈ వేసవికి వద్దు, దసరా తర్వాత చూసుకోవచ్చు. నీళ్లు తెల్లవారకముందు పోసి, మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరవండి. ఏప్రిల్ నుంచి పాత చీరల బదులు 50 శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టండి. చీర గాలిని ఆపి కింద ఉక్కపెడుతుంది.

కోతుల విషయంలో నేను మాయలు చెప్పలేను. టపాకాయలు, ఎర్రగుడ్డలు, పులి బొమ్మలు వారం రోజులే పని చేస్తాయి. కోతులు కాకరను, నిమ్మను, దురద చేమను పెద్దగా పట్టించుకోవు. బెండ, టమాట, బొప్పాయి, జామ అంటే వదలవు. మడి చిన్నదైతే నాలుగు కర్రలు పాతి, మనిషి ఎత్తున నైలాన్ వల పైనా పక్కలా కట్టి, అంచులను మట్టిలో జానెడు లోతు పూడ్చిపెట్టవచ్చు. వలకు మొక్కలు ఆనకుండా చూసుకోవాలి, లేకపోతే బయటి నుంచే చెయ్యి దూర్చి తెంపుతాయి. అది కూడా మొదటి పిందె కనబడకముందే కట్టాలి. ఒకసారి రుచి చూసిన గుంపు వల ఉందని వెనక్కి తగ్గదు.

మూడో దారి, ఈ వేసవికి ఏమీ విత్తకుండా నేలను బాగుచేసుకోవడం. ఇటుకలు ఏరి, మడి దున్ని ఎండకు వదిలి, ఏప్రిల్‌లో రెండడుగుల లోతున గుంతలు తవ్వి, మృగశిర వానలకు ఒక నిమ్మ, ఒక సీతాఫలం నాటి, కూరగాయలు వానాకాలానికి వేసుకోవచ్చు. గుంతకు 20 కిలోల చివికిన ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి, పైమట్టి కలిపి నింపి, అంటు కట్టిన చోటు నేలకు బాగా పైన ఉండేలా నాటితే బతకడానికి అన్ని విధాలా అవకాశం ఎక్కువ. అంట్లను దారి పక్క బండి మీద కొనకుండా సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం లాంటి చోటు నుంచి తెచ్చుకుంటే, మూడేళ్ల తర్వాత “ఇది ఆ రకం కాదు” అనుకునే బాధ తప్పుతుంది. మొక్కల పరంగా మూడింటిలో మేలైన దారి ఇదే. చిక్కల్లా ఉగాది నాటికి చూపించడానికి మీ దగ్గర మట్టి తప్ప ఏమీ ఉండదు. గడువును దసరాకు మార్చమని భర్తను ముందే అడిగి ఒప్పించగలిగితేనే దీనికి పూనుకోండి.

నాలుగోది బండలు. ఆ మాట ఆయన కోపంతోనే అన్నారని అనుకోకండి. కారు ఎండలో నిలుస్తోందన్నది ఆయన వైపు నిజమైన ఇబ్బంది. పెరట్లో సగం, వీధి వైపు భాగం, ఆయనకు వదిలి, బండల అంచున మూడు గుంతలు మాత్రం ఖాళీ ఉంచమనండి. ఆ గుంతల్లోంచి పందిరి మీదికి సొర, బీర పాకితే కారుకు నీడ, మీకు కాయ. దీనివల్ల నష్టం కూడా ఉంది. బండలు పగలంతా వేడెక్కి రాత్రి దాకా సెగ వదులుతాయి, వాటి పక్కన ఆకుకూర నిలవదు, వాన నీరు ఇంకే చోటు తగ్గి మీ బోరు ఇంకొంచెం నీరసిస్తుంది. పెరడంతా పరిచేస్తే మాత్రం తర్వాత లేపించడం ఎవరివల్లా కాదు, అది ఆయనకూ చెప్పండి.

ఇప్పుడు జామచెట్టు. దాన్ని కొట్టాలని మీరు పట్టుబడితే మీకు దొరికేది ఉదయపు ఎండ, పోయేది ఆ ఇంట్లో మీ మాట. తన భర్త చేత్తో నాటిన చెట్టు మీద అత్తమ్మకున్న మమకారం లెక్కలతో కదిలేది కాదు. కదపాల్సిన అవసరం కూడా లేదు. తూర్పు సూర్యుడు ఉదయం పూట కిందుగా ఉంటాడు కనుక, నేల నుంచి ఆరేడు అడుగుల ఎత్తు వరకు ఉన్న కింది కొమ్మలు తీసేస్తే ఎండ చెట్టు కడుపు కింద నుంచి ఏటవాలుగా మడి మీదికి వస్తుంది. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. చలికాలపు కాపు అయిపోయాక ఈ ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరిస్తే చెట్టుకు మేలే. ఒకేసారి మూడో వంతుకు మించి తీయకుండా, పదునైన రంపంతో, బెరడు చీలకుండా కోసి, కోసిన చోట బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ఏ కొమ్మ తీయాలో అత్తమ్మను కుర్చీ వేయించి కూర్చోబెట్టి ఆమె చేతే చూపించండి. ఇది ఆమెను మెప్పించడానికి చెప్పే ఉపాయం అనుకోవద్దు. ఆ చెట్టు ఏ కొమ్మకు ఎక్కువ కాస్తుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కరికే తెలుసు.

చేతివాసి మాట మళ్లీ వస్తే ఏం చేయాలని అడిగారు. బంధువుల ముందు వాదించకండి, గెలిచినా ఆ పూటకే. మడి విత్తే రోజున అత్తమ్మ చేత నాలుగు కాకర గింజలు పెట్టించి, మిగిలిన సాళ్లు మీరు విత్తండి. మొలిస్తే ఇద్దరివీ మొలుస్తాయి. మొలవకపోతే గింజ పాతదని ఆమే అంటారు. మాట మరీ నొప్పిస్తుంటే, అది భర్త చెవిన ఒకసారి, తోట ప్రస్తావన లేకుండా, విడిగా వేయడం మీ హక్కు. దాన్ని మొక్కల గొడవలో కలిపితే ఆయన దాన్నీ బండలతో తేల్చేద్దామంటారు.

చివరి పేజీలో అత్తమ్మ కూడా ఈ శీర్షిక చదువుతారని రాశారు. అందుకని ఇది ఆమెకు కూడా. అమ్మా, ఆ జామచెట్టుకు వయసవుతోంది. ఈ ఫిబ్రవరిలో కొమ్మలు తీస్తే వానల నాటికి పెన్సిలు మందం కొత్త కొమ్మలు వస్తాయి. అందులో ఒక దానికి అంగుళం మేర బెరడు చుట్టూ వలిచి, తడిపిన నాచు (స్ఫాగ్నం మాస్) చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టి గాలి అంటు వేయించండి. నెలా నెలన్నరలో కాగితం లోపల తెల్లని వేళ్లు కనబడతాయి. అప్పుడు కింద కోసి, కొన్నాళ్లు కుండీలో నీడన పెంచి నాటుకుంటే, గింజ నుంచి వచ్చిన మొక్కలా గుణం మారదు, ఆయన పెట్టిన చెట్టే మళ్లీ మొదలవుతుంది. ఎక్కడ నాటాలో మాత్రం బండలు పరవకముందే అనుకోండి, గోడకు కనీసం ఎనిమిది అడుగుల దూరం ఉండాలి.